చెయ్యి అంటని కూడు

జమునకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది.

సూరత్ శివారు భేస్తాన్‌లో అది వింత. అక్కడి వరస గదుల్లో ఆడవాళ్ళందరూ అరిచే మాట్లాడతారు. మగవాళ్ళు రోజుకు పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడి వస్తారు. సాంచా అంటే మరమగ్గం. కొన్నేళ్ళకు చెవులు సగం పోతాయి. ఉప్పు అందుకోమన్నా అరవాల్సిందే. మామూలు రోజుల్లో జమున అరుపు వాడ చివరి దాకా వినిపిస్తుంది. కోపం వచ్చిన రోజు ఆమె మాట గుసగుస కంటే కాస్త పైన ఉంటుంది. అప్పుడు భర్త పరుశురాం చేతిలో పని ఆపి ఆమె పెదవుల వంక చూస్తాడు.

ఆ ఏడాది అతడు చాలా రోజులు అలాగే చూశాడు.

ఇద్దరిదీ జగిత్యాల దగ్గరి పల్లె. పెళ్ళైన ఏడాదే సూరత్ వచ్చారు. పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా ఎత్తితే జమున లేచి వెళ్ళిపోతుంది. పరుశురాం నేతగాడు. ఒక వరస సాంచాలన్నీ ఒక్కడే చూసుకునేవాడు. చెవులు పోయినా, కాళ్ళ కింద నేల అదురు మారితే చాలు, ఎక్కడో పోగు తెగిందని తెలిసిపోయేది. ఎండాకాలంలో ఒకరోజు పళ్ళచక్రం అతడి కుడిచేతి రెండు వేళ్ళు నలిపేసింది. కార్ఖానా యజమాని శేఠ్ కట్టు కట్టించాడు. కట్టు విప్పేనాటికి ఆ వరసలో మరొకడు నిలబడి ఉన్నాడు.

"ఆయన సాంచాలు, ఆయన ఇష్టం" అన్నాడు పరుశురాం.

అతడికి రావలసిన కోపం కూడా జమునకే వచ్చింది.

ఇంట్లో కూర్చున్నాక అతడికి ఒక ఆలోచన తట్టింది. మెస్ పెట్టాలి. తెలంగాణ భోజనం. సూరత్‌లో మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు, జమున చేతి వంట బాగుంటుంది, ఇంకేం కావాలి? జమున ఆ రోజే బియ్యం కడగడానికి లేచింది. అతడు ఆపాడు. ముందు నేర్చుకోవాలన్నాడు.

నేర్చుకోవడం మొదలైంది. లింబాయత్ వెళ్ళి ఒక మెస్‌లో టీ తాగి, కుర్చీలు ఎట్లా వేశారో చూసి వచ్చాడు. ఉధ్నా వెళ్ళి ఇంకో మెస్ చూసి వచ్చాడు. ఫోన్‌లో టై కట్టుకున్న ఒకాయన వ్యాపారం మొదలుపెట్టే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు చెప్తుంటాడు. పొద్దున లేస్తే ఆయనే. ఆదివారాలు ఒక సంస్థ వాళ్ళు ఒక హాలులో వ్యాపార పాఠాలు చెప్పేవారు. పాఠాలన్నీ అయ్యాయి. సరిగా అర్థమైందో లేదోనని పరుశురాం మళ్ళీ మొదటి పాఠం నుంచి వెళ్ళాడు. అంత శ్రద్ధగల విద్యార్థి లేడని అక్కడి సారు అందరి ముందు మెచ్చుకున్నాడు. ఆ మాట అతడు ఇంటికి వచ్చి చెప్పినప్పుడు జమున పక్కింటి వెంకటవ్వ దగ్గర చింతపండు బదులు అడుగుతోంది.

"పొయ్యి ఎప్పుడు ముట్టిస్తవ్?" అంది.

"గంత తొందరేంది? అన్ని తెలుసుకోవాలె గదా."

"ఇంకేమున్నది తెలుసుకునేది?"

"గిరాకి ఎట్ల ఉంటది, పోటి ఎవలు, బోర్డు ఏ రంగుల ఉండాలె..."

"బోర్డు రంగా?"

"ఎర్రది చూస్తె మనిషికి ఆకలైతదట. సారు చెప్పిండు."

జమున గొంతు తగ్గింది. "నిన్ను చూస్తె నాకు ఆకలి సచ్చిపోతున్నది."

"ఏందీ?" అన్నాడు అతడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

వెంకటవ్వ నవ్వు ఆపుకోలేక చింతపండు ఉండ కింద పడేసింది. ముసలామె. ఇద్దరు కొడుకులను సాంచాలకిచ్చి, వాళ్ళ సంపాదన మీద, నోటి మీద బతుకుతోంది. "నీ మొగడు బడిపిలగాడైండే జమునా. పలక కొనియ్యి" అంది.

శ్రావణంలో పరుశురాం అన్న లింగమూర్తి వచ్చాడు. సూరత్ అవతలి జోల్వాలో ఉంటాడు. ఊరి నుంచి కుర్రవాళ్ళను తెచ్చి అక్కడి సాంచాల మీద పెడతాడు. వాళ్ళంతా అతడి రేకుల షెడ్డులోనే ఉంటారు, అతడి ఇంట్లోనే తింటారు. వచ్చి మంచం మీద కూర్చుని తమ్ముడి చెయ్యి తిప్పి చూశాడు. తర్వాత మరదలి వైపు తిరిగాడు.

"ఈడ కిరాయి కట్టుకుంట ఎందుకు పరేషాన్? జోల్వా రాండ్రి. రూమున్నది. వీడు గేటు కాడ కూసుంటడు. నువ్వు పోరగాండ్లకు ఇంత వండిపెట్టు. మీ అక్కకు మోకాళ్ళు ఆగుత లేవు."

"జీతమెంత బావా?"

లింగమూర్తి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇంటోళ్ళకు జీతమేందే?"

జమునకు ఆ ఇల్లు తెలుసు. సూరత్ వచ్చిన కొత్తలో రెండేళ్ళు అక్కడ వండింది. మగవాళ్ళందరి స్నానాలు అయ్యాక ఆమెకు నీళ్ళు. మగవాళ్ళందరి తిండి అయ్యాక ఆమెకు అడుగంటిన గిన్నె. ఆ రెండేళ్ళలో ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. షెడ్డులోంచి ఎవరో "అన్నం" అని అరిచేవారు. ఆమె వచ్చేది. అక్కడి నుంచి భేస్తాన్ గదికి రావడానికి ఆమె పుస్తెలు తాకట్టు పెట్టింది, నాలుగు రోజులు తిండి మానేసింది, మొగుడితో మాట మానేసింది. ఇప్పుడు మళ్ళీ అక్కడికే.

పరుశురాం అన్నాడు: "ఆలోచించి చెప్త అన్నా."

"ఏం ఆలోచన? గణపతి నిమజ్జనం కానీ. తెల్లారి టెంపో తెస్త. సామాను కట్టిపెట్టుండ్రి."

అతడు వెళ్ళాక పరుశురాం ఫోన్ తీశాడు. టై కట్టుకున్నాయన గొంతు గదిలో మోగింది. జమున ఆ ఫోన్ తీసుకుని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది.

మర్నాడు ఎవరినీ అడగకుండా వండింది. అన్నం, ముద్దపప్పు, నూనె వంకాయ. తల మీద గంప పెట్టుకుని మొగుడు పనిచేసిన కార్ఖానాకే వెళ్ళింది, ఆమెకు తెలిసిన దారి అదొక్కటే కాబట్టి. గేటు దగ్గర కాపలాదారు అడ్డం వచ్చాడు. లోపలి నుంచి పరమేశ్ పరిగెత్తుకు వచ్చాడు. మెట్‌పల్లి వైపు వాడు, పరుశురాం పక్క వరసలో పనిచేసేవాడు.

"జమునక్కా! పప్పు వాసన సాంచా కాడికచ్చింది" అన్నాడు.

మనవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ప్లేట్లు పట్టుకుని లోపలికి పరిగెత్తారు. గంప ఖాళీ అయింది, కొంగు ముడిలో డబ్బులు చేరాయి. జమున తిరిగి వస్తూ దారి పొడుగునా తనలో తాను మాట్లాడుకుంది. ఇంత సులువైన పనికి ఇన్ని నెలలా? ఎర్ర బోర్డట.

మర్నాడు గేటు మూసి ఉంది. కార్ఖానా మాస్టర్ బయటికి వచ్చాడు. ఒడియా మనిషి, పేరు బాబుల, తెల్ల చొక్కా తప్ప వేయడు. చేతిలో తెల్లబట్ట ముక్క. దాని మీద పసుపు పచ్చని వేళ్ళ మరకలు, వరసగా.

"యే దేఖో. దాగ్. తుమ్హారా దాల్."

అతడి వెనకాల పరమేశ్. నిన్నటి ముఖం కాదు. "అక్కా, నీ పప్పు నా కూలి తిన్నది" అన్నాడు. "దాగు పడ్డ బట్ట తానంత నా మీద రాసిండ్రు."

"చేతులు కడుక్కోవద్దారా? ఇంట్ల మీ అవ్వ నేర్పలేదా?"

"నల్లా ఆ చివరకున్నది. నేను పోయి వచ్చెవరకు నాలుగు సాంచాల పోగులు తెగుతయి. సాంచా ఆగదక్కా. జిడ్డు చేతులతోని పోగు అతికితె ముడి జారుతది."

ఆమెకు వాళ్ళ మీదే కోపం వచ్చింది. తిండి దగ్గర కూడా ఆగలేని మనుషులేమిటి? ఆ కోపంతోనే రాత్రి జొన్నలు పట్టించింది. తెల్లవారి రొట్టెలు చేసి, ఎల్లిపాయ కారం పొడిగా రాసి, చుట్టి, ఒక్కొక్కటీ గుజరాతీ పేపరు ముక్కలో పొట్లం కట్టింది. నూనె చుక్క లేదు. కాపలాదారుకు ఒకటి ముందే ఇచ్చి, మిగతావి లోపలికి పంపింది. గంప ఖాళీ అయిన కాసేపటికే మాస్టర్ బయటికి వచ్చాడు.

ఈసారి మాస్టర్ చూపిన బట్ట మీద గుర్తులు నల్లగా ఉన్నాయి. పేపరు సిరా చెమట చేతులకు అంటింది, చేతుల నుంచి బట్టకు.

"పహలే పీలా, అబ్ కాలా" అన్నాడు. "కల్ లాల్ లావోగీ క్యా?" ముందు పసుపు, ఇప్పుడు నలుపు, రేపు ఎరుపు తెస్తావా అని.

గేటు దగ్గర అందరూ నవ్వారు. పరమేశ్ కూడా నవ్వాడు. ఇక రానివ్వవద్దని మాస్టర్ కాపలాదారుకు చెప్పాడు. జమున ఖాళీ గంప చంకన పెట్టుకుని ఎండలో నడిచి వచ్చింది.

ఇంట్లో పరుశురాం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జరిగింది విని, ఇలా అన్నాడు:

"నేను చెప్పిన గదా. ముందు నేర్చుకోవాలె అని."

ఆమె గంప మూలకు విసిరింది. అది చూసి అతడికి భయమేసింది. ఏదో ఒకటి కలపాలని నోరు తెరిచాడు.

"అయినా ఆల్లు చెయ్యి పెట్టి తినరే. పొట్లం ఇప్పనీకే చేతులు యాడియి?"

"చెయ్యి పెట్టకుంట ఎట్ల తింటరు?"

అతడు తల తిప్పుకున్నాడు.

"నిన్నే. ఎట్ల తింటరు?"

"ఎట్లనో తింటరు తీయ్."

"నువ్వెట్ల తిన్నవ్? ఇన్నేండ్లు నేను డబ్బ కట్టిచ్చిన. ఎట్ల తిన్నవ్?"

అది అతడు చెప్పడానికి చాలాసేపు పట్టింది. రొట్టెను ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, సంచి పట్టుకుని, మూతి లోపల పెట్టి కొరుక్కునేవాడు. కొరికి సంచి నడుముకు కట్టుకుని పోగు అతికేవాడు. అక్కడ అందరూ అంతే. ఆమె ఊహలో అతడు ఇన్నేళ్ళూ ఏదో నీడన కూర్చుని, డబ్బా విప్పి, కలుపుకుని తిన్నాడు. అతడు ఎన్నడూ కూర్చోలేదు. కలుపుకోలేదు.

"మరి కూర?"

అతడు నేల వంక చూశాడు.

"కూరేం చేసినవ్?"

"వెనుక కాలువ ఉన్నది."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. జమున మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. తెల్లవారకముందు లేచి వేయించిన బెండకాయ, పాలు పోసి వండిన బీరకాయ, ఆదివారం మిగిల్చి పెట్టిన మాంసం, పండగ మర్నాటి పులుసు. అన్నీ ఆ కాలువలో. డబ్బా ఖాళీగా వచ్చేది. కడిగి మరీ తెచ్చేవాడు. ఎంత మంచి మొగుడే, డబ్బ కడిగి తెస్తడని వాడలో ఆడవాళ్ళు అనేవారు. ఆమె కూడా అనుకుంది.

"బాధపడతవని చెప్పలే" అన్నాడు అతడు. "పశువు లెక్క మూతి పెట్టి తింటమని ఇంట్ల ఎట్ల చెప్పాలె?"

ఆమె పెదవులు కదిలాయి. అతడు ముందుకు వంగి చూశాడు.

"లింబాయత్ పోయినవ్. ఉధ్నా పోయినవ్. అందరి కుర్చీలు చూసొచ్చినవ్. నీ మూతి నీకు యాదికి రాలేదా?"

"అదేమన్న నేర్చుకునేదా జమునా? అది అందరికి తెలిసిందే గదా."

"నాకు తెల్వదు."

గోడ అవతల నుంచి వెంకటవ్వ గొంతు వచ్చింది. "నాకు గుడ తెల్వదే బిడ్డా. ఈ నా కొడుకులు గూడ కాలువలనే పోసిండ్రేమో, రానీ ఇయ్యాల!"

ఆ రాత్రి ఆ వరసలో రెండు మూడు ఇళ్ళలో గొడవలయ్యాయి.

వినాయక చవితి వచ్చింది. జమున మొగుడితో మాట్లాడటం లేదు. కాని పండగ పండగే. కూరగాయల బజారు చివర ఆదివాసీ ఆడవాళ్ళు పత్రి, మోదుగాకులు కట్టలు కట్టి అమ్ముతున్నారు. రెండూ తెచ్చింది. బియ్యపు రవ్వలో బబ్బెర్లు, అదే అలసందలు, కలిపి కుడుములు ఉడికించింది. దేవుడికి పెట్టింది. తర్వాత ఒక కుడుమును మోదుగాకులో పెట్టి మొగుడి ముందు పట్టుకుంది. అన్ని రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడింది.

"లే. ఎట్ల తింటవో చూపెట్టు."

"పండుగ పూట ఏందే..."

"చెయ్యి అంటొద్దు. చూపెట్టు."

కిటికీ ఊచకూ మంచం కోడుకూ మధ్య తెల్లదారాలు కట్టింది. వాటి ముందు అతణ్ణి నిలబెట్టింది. అతడు ఆకును పట్టుకుని వంగి కొరికాడు. కుడుము విరిగి నేల మీద పడింది. ఆమె కత్తెరతో దారం ఒకటి కత్తిరించింది.

"పోగు తెగింది. అతుకు."

నలిగిన వేళ్ళతో అతడు ముడి వేయబోయాడు. దారానికి పిండి అంటింది. అటూ ఇటూ జారింది. ఆమె ఆ దారం లాగి పారేసి ఇంకొకటి కట్టింది. రవ్వను ఇంకాస్త గట్టిగా తడిపింది. ఈసారి ఆకులో పూర్తిగా మడిచి, మడత కిందికి పెట్టి, ఆకుతో సహా ఆవిరి పట్టింది. మళ్ళీ నిలబెట్టింది. ఆకు ఒక కొస విప్పి కొరకాలి. పెద్దదైంది, దవడ పట్టలేదు.

"నువ్వు మనిషివి కాదే" అన్నాడు అతడు. కళ్ళలో నీళ్ళున్నాయి.

"కాలువల పోసినప్పుడు నువ్వు మనిషివేనా?"

ఇంకొక దారం కత్తిరించింది.

మధ్యాహ్నానికి కుడుము చిన్నదైంది, రెండు కొరుకులకు సరిపోయేంత. పొడుగ్గా అయింది, వేలిలాగా. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి నూరి లోపలే కలిపింది, నంజుకోవడానికి ఏమీ అక్కర్లేకుండా. తడి ఆరేదాకా ఆకును విప్పవద్దని తెలిసింది. చివరిసారి అతడు కొరికి, ఆకు మడిచి, నడుముకు దోపి, దారం అతికాడు. ముడి పడింది. వంకరగా, కాని పడింది. దారం తెల్లగా ఉంది. ఆమె దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూసింది.

"సీదా నిలబడు. ఇంకోటి తిను" అంది.

మర్నాడు షిఫ్టు మారే వేళ గేటు ముందు నిలబడింది. కాపలాదారు కర్ర అడ్డం పెట్టాడు. బాబుల మాస్టర్ వచ్చి అసలు వినలేదు. చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

జమున ఆకు విప్పి కుడుము కొరికింది. అతడి ముందే నమిలి మింగింది. ఆకు పారేసి, ఆ చేత్తోనే అతడి తెల్ల చొక్కా పొట్ట దగ్గర గుప్పిట నిండా పట్టుకుంది.

"దేఖో" అంది. "దేఖో నీ యవ్వ. దాగ్ కిధర్ హై?"

లోపలికి పోయేవాళ్ళు, బయటికి వచ్చేవాళ్ళు అందరూ ఆగిపోయారు. ఎవరూ నవ్వలేదు. ఆమె వదిలేసింది. మాస్టర్ చొక్కా చూసుకున్నాడు. నలిగింది అంతే. వేలితో రుద్ది చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఏక్ దిన్" అన్నాడు చివరికి. "పత్తా అందర్ గిరా తో ఖతమ్." ఒక్క రోజుకే, ఆకు లోపల పడిందంటే అంతే సంగతి.

పరమేశ్ రెండు తీసుకున్నాడు. ఒడియా వాళ్ళు ఇద్దరు, అనుమానంగా, ఒక్కొక్కటి తీసుకున్నారు.

ఆ ఒక్క రోజు నిమజ్జనం దాకా సాగింది. ఆ పది రోజులూ ఆమె తప్పులు చేస్తూనే ఉంది. ఒకరోజు ఉప్పు ఎక్కువైంది. ఒకరోజు ఆకులు ఎండి పగిలాయి. వాటిని తడిగుడ్డలో చుట్టి పెట్టాలని అప్పుడు తెలిసింది. ఆకు విచ్చకుండా పుల్ల గుచ్చితే, ఆ పుల్ల సాంచాలో పడితే ఎవరిది పూచీ అని మాస్టర్ మళ్ళీ గేటు మూశాడు. ఆ మధ్యాహ్నమంతా పుల్ల లేకుండా మడత నిలిచేలా మడిచి మడిచి, మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఉక్కపోసిన రోజు బబ్బెర్లు పులిశాయి. పరమేశ్ ఆకు తెచ్చి ఆమె గంపలో విసిరి తిట్టాడు. ఆమె తిరిగి తిట్టింది. రేపటి నుంచి తెల్లవారి ఉడికించినవే తెస్తానని తిట్ల మధ్యలోనే చెప్పింది. తెచ్చింది. పక్క కార్ఖానా వాళ్ళు గోడ మీంచి చెయ్యి చాపడం మొదలుపెట్టారు.

పరుశురాం ఇదంతా చూస్తూ ఉన్నాడు. ఒకసారి, దీనికి ఒక పేరు పెట్టాలి గదా అన్నాడు. ఆమె ఆకులు మడుస్తూనే ఉంది.

నిమజ్జనం అయిపోయింది. తెల్లవారి ఆమె నల్లా దగ్గర ఆకులు కడుగుతుంటే టెంపో చప్పుడు వినిపించింది. టెంపో తెస్తానన్న బావ మాట ఆమె మరచిపోలేదు. లింగమూర్తి మరచిపోతాడేమో అనుకుంది. ఇంటి ముందుకు వచ్చేసరికి మంచం టెంపో ఎక్కేసింది. బియ్యం డబ్బా ఎక్కేసింది. ఇనుప పొయ్యి ఎక్కేసింది. మూత మీద ఆవిరి లేస్తున్న కుడుముల గంజు గిన్నె కూడా ఎక్కేసింది. పరుశురాం గుమ్మంలో పరుపు చుట్టి పట్టుకుని నిలబడ్డాడు.

"అన్న జల్ది చేయమన్నడు" అన్నాడు.

ఆమె అతడి వంక చూడలేదు. లింగమూర్తి వంక చూసింది.

"గంజు దించు బావా. షిఫ్టు మారుతది."

"అగో, ఇంకేం షిఫ్టు? జోల్వాల పోరగాండ్లు పొద్దటి నుంచి తినలేదు. గవ్వే పెడదాం."

అప్పటిదాకా ఆమెకు అంత స్పష్టంగా తెలియలేదు. ఆ గంజులో ఉన్నది కూడా అతడిదే అనుకుంటున్నాడు. ఇంటివాళ్ళది కాబట్టి. ఆమె టెంపో వెనక ఎక్కి, గంజు పక్కన కూర్చుని, డ్రైవరు సీటు వెనక రేకు మీద దబదబ కొట్టింది.

"భాయ్, కార్ఖానా గేట్. రాస్తే మే హై."

డ్రైవరు మరాఠీ కుర్రవాడు. ఎవరి మాట వినాలో తెలియక లింగమూర్తిని చూశాడు. "దారిలనే గదా, పోనీ" అన్నాడు లింగమూర్తి. ఆడదాని మొండితనం ఒక ఫర్లాంగు దూరం భరించవచ్చు అన్నట్టు నవ్వాడు. పరుశురాం పరుపుతో సహా ఎక్కాడు.

గేటు దగ్గర మనుషులు ఎదురుచూస్తున్నారు. జమున టెంపో మీద నుంచే అందరికీ అందించింది. చేతులు వచ్చాయి, ఆకులు వెళ్ళాయి. సైరన్ మోగింది. గేటు ముందు ఖాళీ అయింది. లింగమూర్తి కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇగ కూసో, పోదాం" అన్నాడు.

ఆమె దిగింది. గంజు దించింది. పొయ్యి దించింది. రవ్వ సంచి భుజానికెత్తుకుని దించింది. బియ్యం డబ్బా లాగుతుంటే లింగమూర్తి కిందికి వచ్చాడు.

"పిచ్చి లేసిందా? రోడ్డు మీద ఉంటవా?"

"ఉంట."

"నీకు ఆకుల పొట్లాలు కట్టుడే బతుకనిపిస్తున్నదా?"

"నా పేరేంది బావా?"

"ఏందీ?"

"నా పేరు. చెప్పు."

"జమున. ఎందుకు?"

"జోల్వాల రెండేండ్లున్న. ఒక్కనాడన్న ఆ పేరు తీసినవా?"

లింగమూర్తికి ఇది ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు. అతడు చెడ్డవాడు కాదు. చాలామంది కుర్రవాళ్ళకు దారి చూపాడు, జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆమెను పేరుతో పిలవకపోవడంలో తప్పేమిటో అతడికి నిజంగా తెలియదు. అందుకే ఆమెతో వాదించడం మాని, టెంపో దిగి నిలబడ్డ తమ్ముడి వైపు తిరిగాడు.

"నువ్వు ఎక్కురా. మంచం ఉన్నది, పరుపున్నది. దీని సంగతి రెండు దినాలల్ల అదే తెలుస్తది. ఈ పని ఎన్నొద్దులు నడుస్తదో ఎవలకెర్క? వానకాలం ఆకు దొరుకుతది, ఎండాకాలం ఏం చేస్తది? మాస్టర్ మారితే ఏం చేస్తది? ఇవన్ని ఆలోచించినవా?"

అవన్నీ సరైన ప్రశ్నలే. పరుశురాం ఆదివారం పాఠాల్లో విన్న ప్రశ్నలు కూడా అలాంటివే. అతడు రోడ్డు మీద, అన్నకూ భార్యకూ మధ్య నిలబడ్డాడు. నోరు తెరిచాడు.

జమున ఆగలేదు. గంజు తల మీద పెట్టుకుంది, రవ్వ సంచి చంకన పెట్టుకుంది, ఇంటివైపు నడిచింది. పొయ్యి, డబ్బా దుమ్ములో మిగిలాయి. మళ్ళీ వచ్చి తీసుకుపోవచ్చు. ఎవడైనా ఎత్తుకుపోతే ఇంకో పొయ్యి. ఆమె వీపు వెనకాల టెంపో ఇంజను మొదలైంది. లింగమూర్తి ఏదో అరిచాడు. తర్వాత ఇంజను చప్పుడు జోల్వా దారిలో దూరమైంది.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే అతడు అక్కడ లేడని తెలుస్తుంది. ఇంకాసేపు తెలియకుండా నడవాలనుకుంది.

వెనక పొయ్యి చువ్వలు గలగలమన్నాయి. పరుశురాం పొయ్యి తల మీద పెట్టుకుని, డబ్బా ఎడమచేత్తో ఈడ్చుకుంటూ వస్తున్నాడు. ఆమెను దాటి ముందుకు వెళ్ళాడు. మంచం, పరుపు జోల్వా వెళ్ళిపోయాయి.

గదిలో సామాను దించాక అతడు గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు:

"అన్న అన్నది గుడ నిజమే జమునా. ఎండాకాలం ఆకు సంగతి ముందుగాలనే ఆలోచించి..."

"ఆకులు కడుగు" అంది ఆమె.

"నాకు ఆకులు కడుగుడు రాదు గదనే."

"కడుగు."

అతడు నల్లా దగ్గర కూర్చున్నాడు. పనికిరాని రెండు వేళ్ళను పక్కకు పెట్టి, మిగిలిన వేళ్ళతో ఆకు రుద్దాడు. చినిగింది. ఇంకొకటి తీశాడు. అదీ చినిగింది. ఆమె వచ్చి చూసి తిట్టింది, వాడంతా వినిపించేలా. అతడు ఇంకొకటి తీశాడు.